నీలం వేసిన ఊరు

నమూనా కాగితం బల్ల మీద పెట్టి, లీవెన్ స్కెల్లింక్ వెనక్కి వెళ్ళి మేడగది తలుపుకు గడియ వేశాడు. యోసీనె ఆ ఇంట్లో పటాలకు రంగులు వెయ్యడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. ఆ ముసలాయన పగటిపూట తలుపుకు గడియ పెట్టడం ఆమె చూడటం అదే మొదటిసారి.

"మొత్తం పన్నెండు కావాలి. ఒకటి నేనే వేశాను. తక్కినవి దీన్ని చూసి నువ్వు వెయ్యి. గురువారం సాయంత్రం కెప్టెన్ వచ్చి పట్టుకుపోతాడు" అన్నాడాయన.

"ఇవాళ సోమవారం అయ్యగారూ. పదకొండు పటాలంటే మాటలా? పటిక నీళ్ళు ఆరాలి, పచ్చ ఆరాలి..."

"ఓడలొద్దు, తిమింగలాలొద్దు, మూలన గాలి ఊదే ఆ బుగ్గల పిల్లల బొమ్మలొద్దు. నేలకి పచ్చ, ఊళ్ళకి ఎరుపు, నీళ్ళకి నీలం. అంతే."

అది ఆంట్‌వెర్ప్‌కు దిగువన నది వెంట ఉన్న పల్లపు నేలల పటం. లీవెన్ తన కాళ్ళతో కొలిచి, తన చేత్తో రాగి రేకు మీద చెక్కినది. అందులో ప్రతి కట్టా, ప్రతి కాలవా యోసీనెకు కంఠతా వచ్చు. ఎన్ని వందల కాగితాల మీద ఆ నేలలకు పచ్చ పూసిందో ఆమెకే తెలియదు. నది నిలువుగా పారుతుంది. దానికి రెండు పక్కలా, కట్టల చాటున, కోసి పేర్చిన రొట్టె ముక్కల్లా ఒకే తీరుగా నేలలు ఉంటాయి. ఒక్కో నేలకు ఒక్కో ఊరు. ఊరికి గుర్తుగా చిటికెన వేలి గోరంత చర్చి గోపురం.

ఆమె నమూనా మీదికి వంగింది. నదికి ఎడమ పక్కన ఒక నేల మొత్తం నీలంగా ఉంది.

"ఇక్కడ చెయ్యి జారినట్టుంది అయ్యగారూ. ఇది నేల కదా."

"జారలేదు."

ఆయన గొంతు విని ఆమె తలెత్తింది. లీవెన్ కిటికీ బయటికి చూస్తున్నాడు.

"శుక్రవారం మధ్యాహ్నం, పున్నమి పోటుకి మనవాళ్ళే అక్కడ కట్ట తెంపుతారు. స్పెయిన్ వాళ్ళ ఫిరంగులు ఆ దారిన రాకుండా. ఏ దారి ఆరి ఉంటుందో, ఏది మునుగుతుందో మన కెప్టెన్లకి తెలియాలి కదా. అందుకే ఈ పటాలు."

"మరి ఊళ్ళో వాళ్ళకి?"

"చెప్తే గడ్డపారలు పట్టుకొచ్చి కట్ట మీద కూచుంటారు. ఒకడు స్పెయిన్ వాళ్ళ దగ్గరికి పరిగెత్తినా పని చెడుతుంది. నోరు జారినవాడికి ఉరి. నేను బెదిరించడం లేదమ్మాయ్, నన్ను బెదిరించి పంపించారు. నవ్వుతూ చెప్పాడా కెప్టెన్. నాకు నిన్నట్నుంచీ అన్నెం పున్నెం ఎరగని వాళ్ళ మొహాలే కనిపిస్తున్నాయి" అని, ఆమె ఇంకేమైనా అడిగేలోపే గడియ తీసి కిందికి వెళ్ళిపోయాడు.

నీలంలో మునిగిన గోపురం పక్కన ఊరి పేరు స్పష్టంగా ఉంది. డూర్న్‌హుక్. యోసీనె చెల్లెలు బార్బెలె ఉండే ఊరు. ఆ సంగతి లీవెన్‌కు తెలియదు. తెలిస్తే ఈ పని ఆమె చేతికి వచ్చేదే కాదు.

ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆల్చిప్పల్లో రంగులు కలిపింది. పుల్లటి సిర్కాలో నానిన రాగి చిలుము పచ్చలో రెండు చుక్కలు జిగురు నీళ్ళు వేసింది. ఉడుత వెంట్రుకల కుంచెను పెదాల మధ్య పెట్టి మొన తీసింది. మొదటి కాగితం మీద నదికి కుడి పక్కనున్న నేలలన్నీ పచ్చబడ్డాయి. తర్వాత ఎడమ పక్కవి. గోపురాలకు సింధూరం చుక్కలు పడ్డాయి. డూర్న్‌హుక్ నేల మాత్రం తెల్లగా మిగిలింది. ఆ గోపురం వెనక మూడో ఇల్లు బార్బెలెది. ఇద్దరు ఆడపిల్లలు, ఒక ఆవు. మగడు వౌటర్‌ను కోట కందకాలు తవ్వడానికి చలికాలంలోనే పట్టుకుపోయారు.

చివరికి కళ్ళు చికిలించి, గబగబా, ఊరు చూడకుండా నీలం పూసేసింది. నీలం పల్చనిది. దాని అడుగున గోపురం అలాగే కనిపిస్తోంది.

*

మంగళవారం సంత. డూర్న్‌హుక్ ఆడవాళ్ళు వెన్న అమ్మడానికి పడవ మీద వస్తారు. ఆ వేళకు యోసీనె జిగురు కొనాలని చెప్పి బయటపడింది. రేవు దాకా నడిచినంతసేపూ వీపు మీద ఎవరో చూస్తున్నట్టే ఉంది. ఆపిల్ పండ్లు ఏరుకుంటున్న సిపాయి తలెత్తితే మొహం తిప్పుకుంది. చేపల బుట్టతో వెళ్తున్న ఒకామె ఆగి, చెప్పులో రాయి దులుపుకుంది. ఆమె వెళ్ళేదాకా యోసీనె గోడకు ఆనుకుని నిలబడింది.

బార్బెలె వెన్నముద్దల మీద తడిగుడ్డ కప్పుకుని కూర్చుని ఉంది. అక్కను చూసి నవ్వింది.

"ఏంటక్కా, మొహం అలా పెట్టావు? మీ ముసలాయన టపా కట్టేశాడా?"

"నవ్వుతూనే ఉండు. బేరం ఆడుతున్నాం, తెలిసిందా? ఆ వెన్న ఇలా చూపించు."

బార్బెలె గుడ్డ తీసింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"రేపు పిల్లల్నీ ఆవునీ తోలుకుని ఊరొదిలెయ్. ఈ ఒడ్డుకి వచ్చెయ్. సాండ్‌వేల్‌లో వౌటర్ మేనత్త ఉందిగా, అక్కడికి పో."

"తన్నెకె అత్త దగ్గరికా? నీకు మతి గానీ పోయిందా? పెళ్ళయిన మర్నాడు నా చేతి రొట్టె తిని, కుక్కకైనా పెట్టొచ్చులే అంది ఆవిడ. పందుల దొడ్లో అయినా పడుకుంటాను గానీ ఆ గడప తొక్కను."

"బార్బెలె, నా మాట విను."

"ఎందుకో చెప్పు, వింటాను."

"చెప్పకూడదు."

"అయితే కదలను. ఈ ముద్ద ఉప్పు వేసింది, ఇది వెయ్యనిది. ఏది కావాలి?"

యోసీనె వంగి, వెన్న వాసన చూస్తున్నట్టు ముఖం దగ్గరగా పెట్టి, ఒక్క మాట అంది. "కట్ట."

కట్టల కింద పుట్టి పెరిగిన మనిషికి ఇంకో మాట అక్కర్లేదు. బార్బెలె చేతిలోని తడిగుడ్డ నుంచి నీళ్ళు ఆమె ఒళ్ళోకి కారాయి. ఆమె గమనించలేదు.

"ఎప్పుడు?"

"శుక్రవారం. ఎవరితోనూ అనకు. నా మెడ పోతుంది."

"పక్కింటి లిన్‌కెన్‌కి నెలలు నిండాయి. దానికైనా..."

"ఎవరితోనూ వద్దన్నానా?"

బార్బెలె అక్క ముఖంలోకి చూసింది. ఆ చూపు ఎక్కువసేపు లేదు గానీ, యోసీనెకు చెంప మీద కొట్టినట్టే అయింది. ఊళ్ళో రెండు వందల మంది ఉన్నారు. వాళ్ళలో ముగ్గురిని ఏరుకుని, తక్కినవాళ్ళను పోటుకు వదిలేస్తోంది తను. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. తెలిసినా, ఉరితాడు తలచుకుంటే ఇంకో పేరు పలకలేకపోతోంది, ఏం చేస్తుంది? ఉప్పు వేసిన ముద్ద కొనుక్కుని వెనక్కి చూడకుండా వచ్చేసింది.

బుధవారం వెలుతురు ఉన్నంతసేపూ రంగులు వేస్తూనే ఉంది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, కుంచె పక్కన పెట్టి చేతులు ఒళ్ళో దాచుకుంది. ఒకసారి పిల్లి. ఒకసారి లీవెన్ భార్య పులిసిన పాలూ, రై రొట్టే తెచ్చి పెట్టింది. "తినవేం? చిక్కిపోతున్నావు" అని ఆవిడ అంటే, అందులో కూడా ఏదో ఆరా తీస్తున్నట్టు వినిపించింది. మధ్యాహ్నం దాటాక, ఈపాటికి బార్బెలె నది దాటి ఉంటుందని అనుకున్నాక, రొట్టె నోటికి రుచిగా తగిలింది. రెండు రోజుల తర్వాత కడుపునిండా తింది.

*

గురువారం ఉదయానికి ఎనిమిది పటాలు దండెం మీద ఆరుతున్నాయి. తొమ్మిదోదానికి నీలం వేస్తుండగా ఆమెకు ఒక అనుమానం వచ్చింది. నమూనాలో నీలం అంచు ఒకచోట అలుక్కుపోయి ఉంది. కింది కాలవ దగ్గర ఆగాలా, కాలవ దాటాలా? మొదటి ఎనిమిదింటిలో కాలవ దగ్గరే ఆపింది. అయ్యగారిని అడుగుదామని కిందికి దిగింది.

లీవెన్ గదిలో లేడు. ఇసక దిండు మీద రాగి రేకు, చుట్టూ ఉలులు. గోడ కొయ్యకు ఆయన బయటికి తొడుక్కునే అంగీ, దాని జేబులోంచి సగం బయటికి వచ్చి నాలుగు మడతల కాగితం. మడతల మీద బొగ్గు గీతలు. కెప్టెన్ల దగ్గర కూర్చుని ఆయన గుర్తులు పెట్టుకున్న కాగితం అదే అయి ఉండాలి. అంచు ఎక్కడ ఆగిందో చూసి వెంటనే పెట్టేద్దామని విప్పింది.

నదికి ఎడమ పక్కన బొగ్గుతో నింపిన నేల. కట్ట మీద ఒక అడ్డగీత. నమూనాలో ఉన్నచోటే ఉంది. అంచు కాలవ దగ్గరే ఆగింది. మడత పెట్టబోతూ, గోపురం పక్కనున్న అక్షరాలు చూసి ఆమె ఆగింది. అవి తిరగబడి ఉన్నాయి.

రాగి రేకు మీద అంతా తిరగేసి చెక్కితేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. రేకును దిద్దాల్సి వచ్చినప్పుడు కళ్ళు తికమక పడకుండా, ఇంకా తడారని అచ్చు మీద తెల్లకాగితం పెట్టి నొక్కుతారు. రేకు మీదలాగే తిరగబడ్డ బొమ్మ దాని మీద పడుతుంది. అది పనివాళ్ళ కాగితం, అంగడికి పోయేది కాదు. దాంట్లో కుడి ఒడ్డు ఎడమకు వస్తుంది, ఎడమ ఒడ్డు కుడికి పోతుంది.

యోసీనె వేలు పెట్టి ఒక్కో అక్షరమే వెనక నుంచి కూడబలుక్కుంది. డూర్న్‌హుక్ కాదు. సాండ్‌వేల్.

బల్ల అంచు పట్టుకుంది. ఇంకోసారి చదివింది. అక్షరాలు మారలేదు.

"ఏం చేస్తున్నావక్కడ?" గుమ్మంలో లీవెన్.

ఆమె కాగితం ఆయన వైపు తిప్పింది. ఆయన దాన్ని చూశాడు, ఏమీ పట్టలేదు. నలభై ఏళ్ళుగా అక్షరాలు తిరగేసి చెక్కిన మనిషి. తిన్నగా ఉన్నవెలాగో, తిరగబడ్డవీ ఆయన కళ్ళకు అలాగే.

"ఇది తిరగేసిన కాగితం అయ్యగారూ. మీరు దీని మీద గుర్తు పెట్టుకొచ్చి, చూసినచోటే నమూనాకి నీలం వేశారు."

లీవెన్ కాగితం లాక్కున్నాడు. చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత బల్ల మీద చెయ్యి ఆనించి మెల్లగా కూర్చున్నాడు.

"సిపాయి వచ్చి, పదపద అని తొందరపెట్టాడు. చేతికందిన కాగితం పట్టుకుపోయాను. వాళ్ళు సాండ్‌వేల్ అన్నారు, సాండ్‌వేల్ మీదే గీశాను. ఇంటికొచ్చి నీలం వేసేటప్పుడు పేరు చదవలేదు, చోటే చూశాను." ఆయన నుదురు తుడుచుకున్నాడు. "సరే, కొంప మునగలేదు. సాయంత్రం దాకా వేళ ఉంది. కొత్త కాగితాలు తీసుకో. అవి పొయ్యిలో పెట్టెయ్. ఎవరికీ తెలియదు."

"మునిగింది అయ్యగారూ."

"ఏంటి?"

"మా చెల్లెలు డూర్న్‌హుక్‌లో ఉండేది. నేను చెప్పాను. ఇద్దరు పిల్లల్నీ తీసుకుని నిన్న సాండ్‌వేల్ పోయింది. నేనే పంపాను."

లీవెన్ లేచి, తలుపు మూసి వచ్చాడు. ఆయన ముఖంలో కోపం రాబోయి, రాకుండానే పోయింది.

"నన్ను ఉరికంబం ఎక్కించావు కదమ్మాయ్."

"మీ నమూనా కూడా ఎక్కిస్తుంది" అంది యోసీనె. అన్నాక తనకే భయం వేసింది. పదకొండేళ్ళలో ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదలు.

వీధిలో ఎవరో పీపాలు దొర్లించుకుంటూ పోతున్నారు. చప్పుడు గుమ్మం దాటి వెళ్ళేదాకా ఇద్దరూ తలుపు వైపే చూశారు.

"నువ్వు చెప్పింది నేను వినలేదు" అన్నాడు లీవెన్ చివరికి. సొరుగు తెరిచి, తోలు సంచీలోంచి ముద్ర వేసిన చీటీ ఒకటి తీశాడు. నేలలు కొలవడానికి ఆయనా ఆయన పనివాళ్ళూ కోట గుమ్మం దాటడానికిచ్చిన అనుమతి చీటీ అది. దాన్ని బల్ల మీద పెట్టాడు. తీసుకోమని అనలేదు. ఆమె వైపు వీపు తిప్పి మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

"పటాలు?" అంది యోసీనె.

"నేను వేస్తాను. ముసలి చేతి నీలం ఎలా ఉంటుందో వాళ్ళే చూస్తారు. పచ్చలో జిగురు ఎన్ని చుక్కలు వేస్తావు?"

"రెండు."

ఆయన తలాడించి పైకి వెళ్ళిపోయాడు.

*

కోట గుమ్మం దగ్గర కాపలావాడు చీటీ చదివి, ఆమెను కిందికీ మీదికీ చూశాడు.

"ఇప్పుడు ఆడవాళ్ళు కూడా నేలలు కొలుస్తున్నారా?"

"కొలవడమంటే ఏముంది, నడిచి అడుగులు లెక్కెట్టుకోవడమే. కాళ్ళుంటే చాలు."

"నీకు తోడు నేను రానా?"

"నీకు వంద దాకా లెక్క వస్తే రా" అంది. మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. పక్కనున్న సిపాయిలు పగలబడి నవ్వారు. కాపలావాడు ఎర్రబడి, చీటీ తిరిగి ఇచ్చేశాడు.

కట్ట మీద రెండు గంటల నడక. నది ఎడం చేతి పక్కన నిండుగా, బురద రంగులో పారుతోంది. కుడి పక్కన, మనిషి ఎత్తు కింద, తడి గడ్డి మేస్తున్న ఆవులు, పొగలు లేస్తున్న కప్పులు. నీళ్ళు ఎత్తులో ఉన్నాయి, ఊళ్ళు పల్లంలో. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే అయినా, ఆ రోజు నది వైపు చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు. సాండ్‌వేల్ దగ్గర కట్ట మీద కొత్తగా పాతిన మేకు ఒకటి ఉంది, నెత్తిన సున్నం పూసి. తవ్వేవాళ్ళు పెట్టుకున్న గుర్తు. పక్కనే ఒక ముసలామె దుప్పట్లు ఆరేస్తోంది.

తన్నెకె ఇంటి దొడ్లో బార్బెలె ఆవు పాలు పితుకుతోంది. గడ్డివాముకు ఆనుకుని నిండు కడుపుతో ఒక మనిషి కూర్చుని ఉంది. లిన్‌కెన్.

"తీసుకొచ్చేశాను" అంది బార్బెలె, అక్క చూపు పసిగట్టి. "దానితో ఏమీ అనలేదు. తోడు రమ్మన్నానంతే. నన్ను తిట్టాలంటే తిట్టు."

యోసీనె తిట్టలేదు. బకెట్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది. డూర్న్‌హుక్ కాదు, ఇదే. రేపు మధ్యాహ్నం. పొరపాటు జరిగింది. ఇప్పుడే లేవాలి.

బార్బెలె పాలు పితకడం ఆపలేదు.

"మొన్న అక్కడన్నావు. ఇవాళ ఇక్కడంటున్నావు. రేపు ఏ ఊరంటావు?"

"ఒట్టు, బార్బెలె. కాగితం తిరగేసి ఉంది, నా కళ్ళతో చూశాను."

"నీ కాగితాలు నాకెందుకు చెప్తావు? నాకు చదువొచ్చా? నిన్నంతా పిల్లల్ని నడిపించుకొచ్చాను. చిన్నదానికి కాళ్ళు బొబ్బలెక్కాయి. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నోటికి జడుస్తూ కూచున్నాను. నువ్వు కుంచె ఎటు తిప్పితే అటు ఆవుని తోలుకుంటూ తిరగమంటావా? నేను కదలను. నువ్వు పో."

యోసీనెకు చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ఉన్న ఒక్క మాటా మొన్ననే ఖర్చయిపోయింది. లేచి నిలబడింది. గుమ్మం దాకా వెళ్ళింది. కట్ట అక్కడి నుంచి కనిపిస్తోంది. సున్నం పూసిన మేకు కూడా. వెనక్కి వచ్చి, కర్రచెప్పులు విడిచి, లిన్‌కెన్ పక్కన గడ్డిలో కూర్చుంది.

"ఏం చేస్తున్నావు?" అంది బార్బెలె.

"నేనూ ఇక్కడే ఉంటాను. రేపటి పోటు దాకా."

ఆమె మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆపుదామని రెండు చేతులతో పట్టుకుంది. చేతులూ వణికాయి. పడవ ఊగితేనే కళ్ళు మూసుకునే మనిషి తను. ఆ సంగతి బార్బెలెకు తెలుసు. బార్బెలె ఆవు పొట్ట మీద నుదురు ఆనించి, అక్క మోకాళ్ళనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత పాల బకెట్ పక్కకు జరిపి లేచి, ఆవు పలుపు విప్పింది.

"అత్తా," అని ఇంట్లోకి కేకేసింది, "మూట కట్టుకో. ఎందుకని అడక్కు, నడుస్తూ తిడుదువు గాని."

లిన్‌కెన్‌ను ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లేవదీశారు. పిల్లలు కోడిపెట్టల్ని బుట్టలో కుక్కుతున్నారు. దొడ్డి దాటబోతూ బార్బెలె ఆగింది.

"మరి వీళ్ళు?" అని గడ్డం ఎత్తి వీధి చూపించింది. "వీళ్ళక్కూడా చెప్పొద్దంటావా?"

యోసీనె చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలోనే నడిచి, పక్క ఇంటి తలుపు కొట్టింది. తెరిచినవాడు నడివయసు రైతు, చేతిలో సగం కొరికిన రొట్టె.

"రేపు మధ్యాహ్నం పోటుకి మీ కట్ట తెంపుతారు. సామాను తీసుకుని ఎత్తుకి పోండి."

అతను రొట్టె నమలడం ఆపాడు. ఆమె బట్టల వంకా, ఉత్తి కాళ్ళ వంకా చూశాడు.

"ఎవరు నువ్వు? నీకెవరు చెప్పారు?"

సాయంత్రానికి ఈ ఊరు ఖాళీ అవుతుంది. రాత్రికి కోట గుమ్మంలో ఇదే ప్రశ్న అడుగుతారు. ఈ మనిషి ఏం విన్నాడో అదే చెప్తాడు. పేరు లేని మాట నమ్మి ఎవరూ ఇల్లు వదలరు.

"యోసీనె. పటాలకి రంగులు వేస్తాను. తోళ్ళ వీధిలో ఉంటాను."

అతను ఆమెను ఇంకాసేపు చూసి, రొట్టె జేబులో పెట్టుకుని, లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. యోసీనె తర్వాతి ఇంటికి నడిచింది. ఆ వీధిలో ఇంకా ముప్పై ఇళ్ళున్నాయి.